రేడియోలో వినిపించిన పేరు

శామ్యూల్ రాజ్ పుట్టేనాటికి వాళ్ల ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు లేకుండా పోయారు. ఉప్పెన వచ్చినప్పుడు తండ్రి దైవాధీనం పెద్దపిల్లను భుజాన వేసుకుని, చిన్నదాన్ని చంకన ఇరికించుకుని చర్చి గోడ ఎక్కబోయాడు. నీళ్లు గోడతో సహా లాక్కుపోయాయి. తెల్లవారేసరికి ఆయన ఎక్కడో తుమ్మచెట్టు కొమ్మల్లో ఉన్నాడు. చేతుల్లో పిల్లలు లేరు.

అవనిగడ్డకు దిగువన, సముద్రానికి దగ్గరగా ఉండే ఆ పల్లెలో పోయినవాళ్లు లేని ఇల్లు లేదు. శవాలు దొరికినవాళ్లు ఏడ్చారు, పూడ్చారు, ఉప్పు తేలిన చేలల్లో మళ్లీ నాట్లు వేసుకున్నారు. దైవాధీనానికి శవాలు దొరకలేదు. అందుకని ఆయన వెతకడం మానలేదు. బందరులో దిక్కులేని పిల్లల్ని చేరదీశారంటే అక్కడికి వెళ్లాడు. గుడివాడలో ఎవరో దివిసీమ పిల్లను పెంచుకుంటున్నారని వింటే ఆ ఇంటి ముందు నిలబడ్డాడు. శామ్యూల్‌కు ఊహ తెలిసిన చాలాకాలానికి కూడా, సంతలో ఆ పిల్లల ఈడు ఆడమనిషి కనబడితే తండ్రి నడక ఆగిపోయేది. ఆమె మొహంలోకి అదే పనిగా చూసేవాడు. ఆమె చీదరించుకుని తప్పుకునేది. పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

తల్లి దేవమ్మ ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. ఎప్పుడన్నా మాత్రం, "పోయారని ఎవరన్నా మొహం మీద చెప్పుంటే బాగుండేదిరా. ఈయన ఏడ్చి ఊరుకునేవాడు. చెప్పేవాళ్లు లేకే ఇట్టా అయిపోయాడు," అనేది. తండ్రి పోయేదాకా ఆ ఇంట్లో అన్నం అలాగే తిన్నారు, ప్రార్థనలు అలాగే చేశారు. తెలియకపోవడం అనేది ఒక జబ్బని శామ్యూల్ రాజ్ చిన్నప్పుడే నేర్చుకున్నాడు.

గుడివాడలో డిగ్రీ చదివాడు. ఆ చదువుతో ఇక్కడ ఏ పనీ దొరక్క, అరబ్బు దేశంలోని ఒక చిన్న రేవు పట్టణానికి, చేపలు నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాగా వెళ్లాడు. అక్కడ పెట్టెల మీది రాతలు చదవడం కోసం అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాడు. తర్వాత టీకొట్లో పేపరు చదవడం మొదలుపెట్టాడు. నమాజు ముగించుకుని వచ్చే ముసలి హమాలీలు అతని ఉచ్చారణ విని నవ్వేవాళ్లు, దిద్దేవాళ్లు. కొన్నేళ్లకు నవ్వడం మానేశారు.

ఆ ఊళ్లో మన ప్రభుత్వానికి ఒక చిన్న కార్యాలయం ఉండేది. పాస్‌పోర్టులు, చనిపోయినవాళ్ల కాగితాలు, జీతాలివ్వని యజమానుల మీద ఫిర్యాదులు చూసే ఆఫీసు. రాజధానిలోని పెద్ద రాయబార కార్యాలయానికి అది తోకలాంటిది. అరబ్బీ తెలిసిన మనిషి కావాలని తెలిసి శామ్యూల్ రాజ్ వెళ్లాడు, పని దొరికింది. వెనక గదిలో కూర్చుని ఆ దేశపు వార్తలు, సరిహద్దు అవతలి దేశపు వార్తలు వినడం అతని ఉద్యోగం. టీవీ ఛానళ్లు, రేడియో స్టేషన్లు అన్నీ. మన దేశం మాటగానీ, మన మనుషుల మాటగానీ వస్తే ఇంగ్లీషులో ఒక పేజీకి కుదించి, ఆఫీసరు వచ్చే వేళకు బల్ల మీద ఉంచాలి. వీసా నిబంధన మారిందని, కూలీల బస్సు బోల్తా పడిందని, ఏదో మార్కెట్లో మంటలని. అలాంటివి.

ఉద్యోగం వచ్చినప్పుడు సంతోషించాడు. ఎండలో నిలబడక్కర్లేదు, కుర్చీ ఉంది, ఏసీ ఉంది. కానీ సరిహద్దు అవతల యుద్ధం నడుస్తోంది. పొద్దున్నే చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకోగానే చచ్చినవాళ్ల లెక్క. ఆ గొంతే తర్వాత ఉల్లిపాయల ధర చెప్పేది, ఆ గొంతే గాలివాన చెప్పేది. మొదట్లో వింటూ వింటూ పెన్ను ఆపేవాడు. తర్వాత ఆపడం మానేశాడు. మన వాళ్లు లేరు కదా, రాయక్కర్లేదు, అని పక్క ఛానల్‌కి మారడం అలవాటైంది. సెలవుకు గుడివాడ వస్తే, భార్య సుచిత్ర అన్నం వడ్డిస్తూ ఏదన్నా చెబుతుంటే మొహం వంక చూస్తూ వినేవాడు కానీ బదులు వచ్చేది కాదు. ఆమె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. మనుషులు ఎలా మొద్దుబారతారో ఆమెకూ తెలుసు. అందుకని నొచ్చుకునేది కాదు. "మీ చెవులు అక్కడే వదిలేసి వచ్చినట్టున్నారు," అని మాత్రం అనేది.

బాలరాజు అతనికి ఆఫీసు వరండాలోనే తగిలాడు. యజమాని పాస్‌పోర్టు దాచేశాడని ఫిర్యాదు చేయడానికి వచ్చిన జాలరి. బందరు పక్కన గిలకలదిండి మనిషి. ఇంటిపేరు కొల్లాటి. కిటికీ దగ్గర గుమాస్తా హిందీలో ఏదో అడుగుతుంటే, "అర్థం కావట్లేదండి బాబూ," అని తెలుగులో గట్టిగా అనేశాడు. లోపల ఉన్న శామ్యూల్ రాజ్ లేచి వచ్చాడు. ఆ ఊళ్లో బందరు మాట వినబడి ఎన్నాళ్లయిందో. పాస్‌పోర్టు తిరిగి వచ్చేదాకా అతనే వెంట తిరిగాడు.

ఆ తర్వాత శుక్రవారాల్లో బోటు రేవులో ఉంటే బాలరాజు కబురు పెట్టేవాడు. డెక్కు మీద గ్యాసు పొయ్యి పెట్టి చేపల పులుసు కాచేవాడు. చింతపండు గుడివాడ నుంచి సుచిత్ర పంపిందే. తింటూ తింటూ ఇంటికి వీడియో కాల్ చేసి, "మా అన్న. గవర్నమెంటు ఆఫీసులో చేస్తాడు," అని ఫోను అతని చేతిలో పెట్టేవాడు. అవతల దుర్గ, బాలరాజు భార్య, చెంగు సర్దుకుని "అన్నయ్యగారండీ, మీరుండబట్టి మాకు ధైర్యమండి," అనేది. వెనక నుంచి అత్తగారు వెంకటరత్నమ్మ తొంగిచూసి, పిల్లాడు చిక్కిపోయాడా అని అడిగేది. శామ్యూల్ రాజ్‌కు ఆ పులుసు తిన్న రోజు మాత్రమే తాను ఎక్కడివాడో గుర్తొచ్చేది.

కొన్నాళ్లకు బాలరాజు తన చిన్నాన్న కొడుకుని కూడా అదే బోటు మీదికి రప్పించుకున్నాడు. "మా తమ్ముడొచ్చాడన్నా. చిన్నోడు. కొత్త కదా, పడుకుని ఏడుస్తున్నాడు," అని ఫోనులో నవ్వాడు. చిన్నోడి పేరు అడగాలని శామ్యూల్ రాజ్‌కు తట్టలేదు. వచ్చే శుక్రవారం చూడొచ్చులే అనుకున్నాడు. బోటు లోసముద్రంలోకి వెళ్లింది.

ఒక పొద్దుట సరిహద్దు అవతలి రేడియోలో యుద్ధం వార్తల మధ్య ఒక చిన్న వార్త వచ్చింది. చేపల బోటులో గ్యాసు బండ పేలి మంటలు రేగాయి. తీరరక్షకులు కొందరిని ఒడ్డుకు చేర్చారు. ఒక భారతీయుడు చనిపోయాడు, ఇంకో భారతీయుడు స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. చనిపోయిన వ్యక్తి పేరు చదివారు. "బలరాజు కులాతీ."

శామ్యూల్ రాజ్ రికార్డింగు వెనక్కి తిప్పాడు. మళ్లీ విన్నాడు. ఎన్నిసార్లు విన్నా అదే గొంతు, అదే పేరు. వార్తను ఇంగ్లీషులో రాశాడు, తేదీ వేశాడు, స్టేషను పేరు రాశాడు. తీసుకెళ్లి ఆఫీసరు చేతికే ఇచ్చాడు.

ఆఫీసరు ఉత్తరాది కుర్రాడు. మంచివాడే. చదివి కాగితం బల్ల మీద పెట్టాడు. రేడియో అన్నది రేడియోయేనని, అవతలి అధికారుల నుంచి కాగితం వచ్చేదాకా ఈ మాట గది దాటకూడదని చెప్పాడు. యుద్ధం వల్ల ఆ కాగితం ఎప్పుడొస్తుందో తనకూ తెలియదన్నాడు. మీకు తెలిసినవాడా అని అడిగాడు. తెలుసని చెప్పాడు శామ్యూల్ రాజ్. "అయితే ఇంకా కష్టం," అన్నాడు ఆఫీసరు. కుర్చీ చూపించాడు గానీ శామ్యూల్ రాజ్ కూర్చోలేదు.

మధ్యాహ్నానికి దుర్గ ఫోను చేసింది. రేవులో ఇంకో బోటు మీద పనిచేసే వాళ్ల ఊరి మనిషి, వీళ్ల బోటు తిరిగి రాలేదని ఇంటికి చెప్పాడట. శామ్యూల్ రాజ్ ఫోను ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. సాయంత్రం బల్ల సర్దుకుంటుంటే మళ్లీ మోగింది. ఆ మోత వింటూ నిలబడినప్పుడు శామ్యూల్ రాజ్‌కు తండ్రి సంతలో ఆగిపోవడం కళ్లకు కట్టింది. కాగితం నెలకు రావచ్చు, ఏడాదికి రావచ్చు, రాకపోవచ్చు. అన్నాళ్లూ దుర్గ రేవు వంక చూస్తూ కూర్చోవాలా? తనకు తెలిసి కూడా?

ఎత్తాడు.

"అన్నయ్యగారండీ, బోటు రాలేదంటున్నారు. మీకేమన్నా తెలిసిందా?"

"పక్కన ఎవరన్నా ఉన్నారా అమ్మా?"

"మా తోటికోడలుంది. చెప్పండి," అంది దుర్గ. గొంతు అప్పుడే మారిపోయింది.

"బోటు కాలిపోయిందమ్మా. బాలరాజు పోయాడు. రేడియోలో పేరు చెప్పారు, నేను నా చెవులతో విన్నాను. మీ మరిది బతికే ఉన్నాడు. ఆసుపత్రిలో ఉన్నాడు."

ఫోను కిందపడిన చప్పుడయింది. తర్వాత ఎవరో ఫోను తీసుకుని, మా ఆయనకు దెబ్బలు ఎక్కువ తగిలాయాండీ అని అడిగారు. చిన్న గొంతు. చిన్నోడి భార్య సుమతి అని అతనికి అప్పుడు తెలిసింది. భయం లేదమ్మా, దేవుడి దయ, అని చెప్పాడు. ఆ మాట ఎందుకన్నాడో తర్వాత అతనికి ఎప్పటికీ అర్థం కాలేదు. స్పృహ లేదన్న సంగతి తెలిసి కూడా అన్నాడు.

గిలకలదిండిలో ఏం జరిగిందో అతనికి చాలా రోజుల తర్వాత గానీ తెలియలేదు. శవం చూడందే నా కొడుకు పోయాడని ఒప్పుకోనని వెంకటరత్నమ్మ గడపకు అడ్డంగా కూర్చుందట. గవర్నమెంటు ఆయనే ఫోనులో చెప్పాడు కదా, యుద్ధం జరిగే చోటు నుంచి శవం రాదు, ఆత్మను ఎన్నాళ్లు నిలబెడతావని పెద్దలు ఆమెను లేపారు. దర్భలతో బొమ్మ చేసి సముద్రపు ఒడ్డున కర్మ జరిపించారు. దినం నాడు దుర్గ గాజులు పగలగొట్టారు. తాళి తీశారు. ఆ రోజుల్లో ఆ ఇంట్లో పొయ్యి వెలిగించిందీ, దుర్గకు నాలుగు మెతుకులు తినిపించిందీ, స్నానానికి చెయ్యిపట్టి తీసుకెళ్లిందీ సుమతి. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ.

సరిహద్దు అవతలికి వెళ్లడానికి అనుమతి ఆలస్యంగా వచ్చింది. గాయపడినవాడు తెలుగు తప్ప వేరే భాష మాట్లాడటం లేదని ఆసుపత్రి నుంచి కబురొస్తే, ఆఫీసరు శామ్యూల్ రాజ్‌ను వెంటబెట్టుకెళ్లాడు. దారిపొడుగునా కూలిన ఇళ్లు. ఇన్నేళ్లూ చెవులతో విన్న ఊళ్ల పేర్లు బోర్డుల మీద కనిపిస్తుంటే అతను తలవంచుకుని కూర్చున్నాడు. దుర్గకు తాను ఫోనులో చెప్పిన సంగతి ఆఫీసరుకు ఇంకా తెలియదు. ఆ కారులోనే చెప్పేశాడు. ఆఫీసరు, మీరు చేసింది తప్పు, నేనైనా అదే చేసేవాడినేమో, అన్నాడు.

వార్డులో మంచం మీద ఉన్న మనిషికి చేతులు, మెడ, సగం మొహం కట్లతో నిండి ఉన్నాయి. శామ్యూల్ రాజ్ దగ్గరగా వంగి, "బాబూ, నేను మీ అన్న స్నేహితుణ్ణి. అవనిగడ్డ వైపు మనిషిని," అన్నాడు.

ఆ మనిషి కళ్లు తెరిచాడు. కట్ల మధ్య నుంచి చూశాడు.

"శామ్యూలన్నా," అన్నాడు. "చిన్నోడేడన్నా? ఎవరిని అడిగినా చెప్పట్లేదు."

శామ్యూల్ రాజ్ మంచం ఇనుప రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు. అది బాలరాజు గొంతు. "మీ తమ్ముడి పేరేంటి బాలరాజూ?" అని అడిగాడు.

"పోలరాజు."

అరబ్బీలో 'ప' లేదు. దాని చోట 'బ' రాసుకుంటారు. అచ్చులు చాలావాటిని రాయనే రాయరు, పరాయి పేర్లలో మరీను. పోలరాజన్నా బాలరాజన్నా కాగితం మీద ఒకటే పేరు కావచ్చు, వార్త చదివేవాడు తనకు తోచిన అచ్చు పెట్టుకుంటాడు. ఒక ఇంటిపేరు వాళ్లిద్దరూ ఒకే బోటులో ఉన్నారు. ఈ సంగతి శామ్యూల్ రాజ్‌కు తెలియనిది కాదు. పటేల్ అనే గుజరాతీ షావుకారును ఊరంతా బతేల్ అని పిలుస్తుంటే అతనే ఎన్నోసార్లు నవ్వించేలా చెప్పేవాడు. అయినా ఆ పొద్దుట అది తట్టలేదు. తెలిసిన పేరు ఒక్కటే మనసులో ఉంది, చెవులు దాన్నే విన్నాయి.

శవాల గదిలోకి అతనొక్కడే వెళ్లాడు. గుర్తుపట్టడానికి కాదు, ఆ మనిషిని అతను ఎన్నడూ చూసిందే లేదు. చూడాలి కాబట్టి చూశాడు. బయటికి వచ్చి సంతకం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి వరండా నుంచి దుర్గకు ఫోను చేశాడు. చేయకుండా ఉండలేడు, ఆమె భర్త బతికున్నాడు. ఎత్తింది సుమతి. అక్క ఫోను ముట్టుకోవడం లేదండి, నాతో చెప్పండి, అంది.

"అమ్మా, బాలరాజు బతికే ఉన్నాడు. ఇప్పుడే చూశాను, మాట్లాడాను. పొరపాటు జరిగింది."

సుమతి కేక పెట్టింది. సంతోషంతో పెట్టిన కేక. ఫోను పట్టుకునే పరిగెత్తింది. అక్కా, బావ ఉన్నాడంట, అక్కా, అని ఆమె అరవడం, ఎవరో తలుపు తోయడం, వెంకటరత్నమ్మ దేవుళ్ల పేర్లు పెట్టి ఏడవడం అతను వింటూనే ఉన్నాడు. పెట్టేద్దామని వేలు వెళ్లింది. పెట్టలేకపోయాడు. కాసేపటికి సుమతి ఆయాసపడుతూ మళ్లీ ఫోనులోకి వచ్చింది.

"అయితే పోయింది ఎవరండి పాపం? ఆ బోటులో మనవాళ్లు ఇద్దరే కదా?"

అతను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"మా ఆయన్ని చూశారా అండి?"

"ఆఫీసు నుంచి చెప్తారమ్మా," అన్నాడు శామ్యూల్ రాజ్. "కాగితం వచ్చాక ఆఫీసు నుంచే చెప్తారు."

మొదటి రోజు దుర్గతో అనాల్సిన మాట అది. ఇప్పుడు దాన్ని మించిన క్రూరమైన మాట లేదు. అవతల అందరూ సంతోషంతో ఏడుస్తున్నారు. ఆ ఏడుపుల మధ్య సుమతి ఊపిరి మాత్రం కొంతసేపు వినిపించి, ఫోను ఆగిపోయింది.

పోలరాజు శవం పెట్టెలో వచ్చింది. విమానంలో హైదరాబాదు దాకా, అక్కడి నుంచి అంబులెన్సులో బందరుకి. పెట్టె తెరవవద్దని దాని మీద రాసి ఉంది, పెద్దలు తెరవనివ్వలేదు. బాలరాజు ఆ తర్వాత చాలా ఆలస్యంగా వచ్చాడు. చేతివేళ్లు కాలి అతుక్కుపోయాయి. వల లాగడానికి పనికిరావు. చిలకలపూడి పాండురంగడి గుళ్లో అతను దుర్గకు మళ్లీ తాళి కట్టాడు. ముడి వేళ్లకు రాక పూజారి సాయం పట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్లలో కొందరు అదృష్టమన్నారు, కొందరు అరిష్టమన్నారు. సుమతి రాలేదు. మీ ఇంటికొచ్చిన చావును మా ఇంటికి తోలారని ఆమె తల్లి వీధిలో నిలబడి అరిచింది. సుమతి అరవలేదు, కాదనీ అనలేదు. ఆనాటి నుంచి రెండిళ్లకూ మాటల్లేవు.

శామ్యూల్ రాజ్ ఉద్యోగం ఎవరూ తీసేయలేదు. ఒప్పందం గడువు ముగిసినప్పుడు మళ్లీ రాయలేదు, అంతే. వార్తలు విని దానంతటదే తర్జుమా చేసే సాఫ్ట్‌వేర్ వచ్చిందని, ఇక మనిషి అక్కర్లేదని చెప్పారు. అది నిజమే. వెళ్లేముందు అతను ఆ సాఫ్ట్‌వేర్‌కు ఆ పాత రికార్డింగు వినిపించి చూశాడు. అది కూడా బాలరాజు అనే రాసింది. అతనికి ఊరట కలగలేదు.

గుడివాడలో స్టేషనుకు దగ్గరలో ఒక మేడమీది గదిలో, గల్ఫ్ వెళ్లేవాళ్లకు నాలుగు అరబ్బీ ముక్కలు నేర్పే పని దొరికింది. డ్రైవర్లు, ఇళ్లలో పనికి వెళ్లే ఆడవాళ్లు వచ్చేవాళ్లు. నీళ్లు కావాలి, ఒంట్లో బాగాలేదు, నా జీతం ఇవ్వలేదు. ఇవి నేర్పేవాడు. ఇంట్లో టీవీ పెట్టనిచ్చేవాడు కాదు. అతను నిద్రలో ఏదో పేరు చదువుతున్నట్టు గొణుగుతుంటే సుచిత్ర తట్టి లేపేది.

ఒక ఆదివారం చర్చికి వెళ్లి వచ్చాక బందరు వెళ్తానన్నాడు.

"వెళ్లి ఏం చెప్తారు?" అంది సుచిత్ర.

"నేనేం చెప్పను. వాళ్లు అడిగింది చెప్తాను."

గిలకలదిండిలో ఆటో దిగి అడిగితే ఇల్లు చూపించారు. సుమతి రొయ్యలు ఒలిచే షెడ్డు నుంచి అప్పుడే వచ్చినట్టుంది. వేళ్ల చివర్లు తెల్లగా నాని, ఒరుసుకుపోయి ఉన్నాయి. వాకిట్లో పీట మీద కూర్చుని వాటికి కొబ్బరినూనె రాసుకుంటోంది. ఆమె అతను అనుకున్నంత పెద్దది కాదు, ఇంకా పిల్లే. తాను ఫలానా అని చెప్పాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. గోడ అవతల దుర్గ బట్టలు ఆరేస్తూ ఉండిపోయింది.

చాలాసేపటికి సుమతే అడిగింది.

"మీరు చూశారంట కదా. మొహం ఎట్టా ఉందండి? మాకు చూపించలేదు."

శామ్యూల్ రాజ్ ఉన్నదున్నట్టు చెప్పాడు. మొహం కాలలేదు. వీపు, కాళ్లు కాలాయి గానీ మొహానికి ఏమీ కాలేదు. గడ్డం పెరిగి ఉంది. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు ఒకటి కనిపించింది. పెదవులు ఉప్పుకు పగిలి ఉన్నాయి. కళ్లు పూర్తిగా మూతపడలేదు, తానే మూశాడు. నిద్రపోతున్నట్టు ఉన్నాడన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ అది నిజం కాదు కాబట్టి చెప్పలేదు.

కనుబొమ్మ మీద గాటు మాట వినగానే ఆమె తల ఊపింది. చిన్నప్పుడు తెడ్డు తగిలిందని చెప్పింది. మళ్లీ వేళ్లకు నూనె రాసుకోవడం మొదలుపెట్టి, అతని వంక చూడకుండానే మాట్లాడింది.

"మా ఆయన బతికున్నాడని మీరు చెప్పారు కదండి. అక్క ఏడుస్తుంటే నేను పక్కనే కూర్చుని ఏడ్చేదాన్ని. లోపల మాత్రం సంతోషంగా ఉండేది. మాది కాదులే, మాది కాదులే అని. అక్క గాజులు పగలగొడుతుంటే నా గాజులు చెంగు కింద దాచుకున్నాను, చప్పుడు కాకుండా. అప్పటికే ఆయన అక్కడ ఐసులో ఉన్నాడు. నాకది పోవట్లేదండి. ఆయన పోయినందుకు ఏడుస్తున్నానా, అప్పుడు సంతోషపడ్డందుకు ఏడుస్తున్నానా తెలియట్లేదు. మీరు చదువుకున్నారు కదా. అదెట్టా పోద్దో చెప్పండి."

శామ్యూల్ రాజ్ ప్రార్థన చేయనా అని అడగబోయి, సిగ్గుపడి మానుకున్నాడు. గోడ అవతల దుర్గ చేతిలో తడి చీర అలాగే ఉంది. విన్నదని ఆ నిలబడటంలోనే తెలుస్తోంది.

ఎండ దిగేదాకా అక్కడే నిలబడ్డాడు. తర్వాత దుర్గ తన వాకిట్లో నుంచి చుట్టూ తిరిగి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి అతనికి ఇచ్చింది. రెండిళ్ల మధ్యా మాటలు పోయాక ఆమె ఆ వాకిట్లో అడుగుపెట్టడం అదే మొదలు. సుమతి తలెత్తి చూసింది. దుర్గ మెడలో కొత్త పసుపుతాడు ఇంకా ముదురు రంగులోనే ఉంది. దాన్ని ఆమె చెంగుతో కప్పుకుంది. సుమతి పీట తీసుకుని లోపలికి వెళ్లి, తలుపు దగ్గరగా వేసుకుంది.

"ఇక వెళ్లండి అన్నయ్యగారూ," అంది దుర్గ నెమ్మదిగా. "బస్సు తప్పిపోద్ది."

బాలరాజును చూడకుండానే అతను వెళ్లిపోయాడు.

కొన్ని నెలలకు బాలరాజు ఫోను చేసినప్పుడు, సుమతి ఇల్లు ఖాళీచేసి పుట్టింటికి, ఎదురుమొండికి వెళ్లిపోయిందని చెప్పాడు. వెళ్లేముందు ఎవరితోనూ మాట్లాడలేదట. తాను ఇప్పుడు హార్బరులో ఐసు లోడింగు దగ్గర లెక్క చూస్తున్నానని, దుర్గకు ఒంట్లో బాగుండటం లేదని, ఎవరన్నా గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడుతోందని చెప్పాడు. నిన్ను తప్పుపట్టడం లేదన్నా అని చివర్లో అన్నాడు.

శామ్యూల్ రాజ్ ఇప్పటికీ గుడివాడలోనే ఉన్నాడు. మంగళవారాలు, శుక్రవారాలు సొంత ఊరు వెళ్లి, తల్లి దేవమ్మ సమాధి చుట్టూ పెరిగిన గడ్డి పీకి వస్తుంటాడు. ఎదురుమొండి అక్కడికి దూరం కాదు, నాగాయలంక దగ్గర రేవు దాటితే చాలు. రేవు దాకా ఒకటి రెండుసార్లు వెళ్లాడు. పడవ నిండేదాకా సరంగు పిలుస్తూనే ఉన్నాడు. ఆ పిలుపు విన్నాడు గానీ ఎక్కలేదు.